బహ్రెయిన్ రేడియోలో మూడు రోజులు

అప్పుడు నేను సౌదీలోని ఖతీఫ్‌లో ఒక ఆసుపత్రిలో, మగవాళ్ల ఎముకల వార్డులో నర్సుని. కిటికీ పక్క మంచంలో జగిత్యాల వైపు మనిషి ఒకాయన ఉండేవాడు. సెల్‌ఫోన్ టవర్లెక్కి యాంటెనాలు బిగించేవాడు. పైనుంచి పడి వెన్ను విరిగింది. ఇక నడవడని డాక్టరు ఇంగ్లీషులో చెప్పి వెళ్లిపోతే, తెలుగులో చెప్పడం నా వంతయింది. ఆయన ఏడవలేదు. బహ్రెయిన్‌లో ఉన్న అన్నకు ఫోన్ చేయమన్నాడు. ఏజెంటుతో మాట్లాడి ఈయన్ని ఇక్కడికి పంపించింది ఆ అన్నే.

ఎప్పుడు చేసినా నంబరు స్విచాఫ్.

బహ్రెయిన్ దీవి మాకు సముద్రం అవతలే. అక్కడి హిందీ రేడియో ఆయన దగ్గరున్న చిన్న సెట్టులో బాగా పలికేది. పొద్దున పదింటికి శ్రోతలు ఫోన్ చేసి పాటలడిగేవారు. అన్న పనిచేసే షెడ్డులో రోజూ అదే మోగుతుందట. ఫోన్ కార్డు కొని నేనే స్టేషన్‌కు ఫోన్ చేశాను. నా వచ్చీరాని హిందీని అనౌన్సరు ఓపిగ్గా విని రాసుకున్నాడు. అన్న పేరు, ఊరు, తమ్ముడికి వెన్ను విరిగిందన్న సంగతి, మా వార్డు ఫోన్ నంబరు మూడు రోజులు చదివాడు. ఊరి పేరు తప్పు పలికినప్పుడల్లా ఈయన మంచంలోంచే సరిచేసేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం వార్డు ఫోన్ మోగింది. అన్నతో ఒకే గదిలో ఉండే మనిషి.

“మొదటి దినమే ఇన్నడు సిస్టర్. గీడనే నా పక్కకు కూసున్నడు. ఫోన్ ఇస్తే తీసుకుంటలేడు. నేనే పంపిన, ఇప్పుడు ఏం మొఖం పెట్టుకొని మాట్లాడాలె అంటుండు. దొరకలేదని చెప్పుమన్నడు.”

ఒక్క మాట మాట్లాడించమని బతిమాలాను. అవతల ఎవరో ముక్కు చీదారు. లైను కట్టయింది.

వెళ్లి, దొరకలేదని చెప్పాను.

“రేపు ఇంకోసారి సదవమను అక్కా. పనిల పడి ఇనకపోయి ఉంటడు,” అన్నాడాయన.

అలాగేనన్నాను గానీ స్టేషన్‌కు మళ్లీ ఫోన్ చేయలేదు. మర్నాటి నుంచి పదింటికి మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్తే, రేడియో చెవికి ఆనించుకుని కనిపించేవాడు. ఎందుకు చదవలేదని ఒక్కసారీ అడగలేదు.

రెండు వారాలకు కంపెనీవాళ్లు ఎగ్జిట్ కాగితాలు తెచ్చారు. స్ట్రెచర్ మీద ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్తుంటే, అన్న ఫోన్ చేస్తే ఇంటికి పోయాడని చెప్పమన్నాడు. ఆ ఫోన్ రాలేదు. నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదని చాలాసార్లు ఆలోచించాను. అదైనా ఇంతకన్నా మేలుగా ఉండేదని తోచదు.