రాణిగారి నడక

పొద్దున లేవగానే గిన్నెడు నీళ్లు కాచి కిటికీ దగ్గర అద్దం పక్కన పెట్టడం ఆమెకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. ఆయన గడ్డం గీసుకోవాలి కదా. నాటకం ఉన్న రోజయితే రెండుసార్లు గీసుకునేవాడు. ఇప్పుడూ చెయ్యి ఊరుకోక నీళ్లు కాస్తుంది. కాగాక గుర్తొస్తుంది. ఆ నీళ్లతోనే జిడ్డు గిన్నెలు తోముకుంటుంది.

ఆయన పగలు దర్జీ, సాయంత్రం రాణి. ఆడవేషం కడితే జనం చూపు తిప్పుకోలేకపోయేవారు. వీధిలో పిల్లలు కూడా "రాణిగారూ, నా చొక్కా అయిందా?" అని అడిగేవారు. ఆయన కుట్టుమిషను మీంచి తలెత్తకుండా, "రేపు రమ్మని మా ఆజ్ఞ" అనేవాడు.

రాణి నడక మాత్రం ఆమెది. చిన్నప్పుడు మెట్ల మీంచి పడింది. ఎడమకాలు కాస్త ఈడుస్తుంది. ఆ అడుగు పడేముందు రవ్వంత ఆగుతుంది. పెళ్లయిన కొత్తలో అది చూసి ఆయన, "ఏదీ, మళ్లీ ఒకసారి నడువు" అన్నాడు. ఎగతాళి అనుకుని ఆమె ముఖం ముడుచుకుంది. ఆయన వంటింట్లో ఆమె వెనకాలే తిరిగి తిరిగి నేర్చుకున్నాడు. "కుంటేమిటే! రాణి తొందరపడదు, అంతే" అన్నాడు. ఆ సంగతి వాళ్లిద్దరి మధ్యే ఉండిపోయింది.

ఆయన పోయాక టౌన్‌హాల్లో దక్షిణాసియా కళల ఉత్సవం పెట్టారు. నాటి కళలు, నేటి కళలు. మరిది అందులో కమిటీ మనిషి. "అన్నయ్య పేరు మీద ఒక అంకం వేస్తున్నా వదినా. ఆ రాణివేషం పట్టుచీర ఇవ్వవూ?" అన్నాడు. ఆయన్ని నలుగురూ మళ్లీ తలుచుకుంటారు కదా అని, మడతలు సరిచేసి మరీ ఇచ్చింది.

హాలు గోడలకు పాత వేషాల ఫొటోలు, వాటి కింద తిని పారేసిన పొట్లాల కాగితాలు. ముందు వరసలో కూర్చుంది. మరిది ఆ చీరే కట్టి, రవికెలో రెండు నారింజపండ్లు దోపుకుని వచ్చాడు. కన్ను కొట్టాడు. తర్వాత నడిచాడు. ఎడమకాలు ఈడ్చి, ఆగి, నడుం ఎగరేసి, మళ్లీ ఈడ్చి. హాలు గొల్లుమంది. ఒక పండు జారి దొర్లింది. దాన్ని కాలితో తొక్కి, ఆ రసం చీర కుచ్చెళ్లకే తుడుచుకున్నాడు. పక్కావిడ పాప్‌కార్న్ నములుతూనే, "ఎంత బాగా కుంటుతున్నాడో!" అని ఆమె తొడ మీద చరిచింది. ఆ జిడ్డు చెయ్యి, ఆ నోరు, ఆ నవ్వు. లేచి పోదామంటే నడవాలి. అంతమంది ముందు నడవాలి. అయిపోయేదాకా అలాగే కూర్చుంది.

ఇంటికొచ్చి మరిది చీరను ఉండచుట్టి గిన్నెల పక్కన పడేశాడు.

"చూశావా వదినా! అన్నయ్యకి జన్మలో ఇన్ని చప్పట్లు పడ్డాయా?"

"ఆయన్ని చూసి ఎవరూ నవ్వలేదయ్యా."

"అబ్బా, ఇప్పుడు జనానికి అదే కావాలి. రేపు మళ్లీ ఉంది. కాస్త ఉతికి ఇస్త్రీ చేసి పెట్టు."

ఆమె లేచి అతని ముందు నుంచే గుమ్మం దాకా నడిచింది. ఎడమ అడుగు ముందు రవ్వంత ఆగింది. అతను ఫోన్లో తన వేషం వీడియోనే చూసుకుని నవ్వుకుంటున్నాడు.

మర్నాడు దుప్పటి ఉతికింది. తన చీరలు రెండూ ఉతికి ఆరేసింది. గిన్నెలు తోమి బోర్లించింది. పట్టుచీర మాత్రం పడేసినచోటే ఉంది. నారింజ రసానికి చీమలు పట్టాయి.

"వదినా, చీరేదీ?" మరిది గుమ్మంలోంచి కేకేశాడు.

ఆమె బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుంది.