అక్క పాట రేడియోలో వచ్చిన సాయంత్రం

మొన్న ఆదివారం మా మనవరాలు గచ్చు మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేస్తూ, తల ఎత్తకుండానే చెయ్యి చాపి, "అమ్మమ్మా, స్కిన్ కలర్ ఇటివ్వు" అంది. అది ఏ రంగు అడుగుతోందో నాకు తెలియక కాదు. అయినా పెట్టెలో వెతికి ఒక గోధుమరంగు క్రేయాన్ తీసి దాని చేతిలో పెట్టాను. "ఇది కాదు, ఇది మట్టికి వేసేది" అని విసుక్కుని, తానే లేత గులాబీ ముక్క ఒకటి తీసుకుని బొమ్మ మొహానికి రుద్దసాగింది. దాని చెయ్యీ, చేతిలోని ఆ ముక్కా నా కళ్లెదుటే ఉన్నాయి. రెంటికీ ఎక్కడా పొత్తు కుదరలేదు. దానికి ఆ సంగతి పట్టనే లేదు. నాకేమో పాత రంగులపెట్టె ఒకటి మనసులో మెదిలింది. ఈ కరీంనగర్ ఇంట్లో నేను పాత సంగతి ఒకటి ఎత్తుకుంటే చాలు, మా అమ్మాయికి వంటింట్లో పని గుర్తుకొస్తుంది.

క్రేయాన్లను నేను మొదటిసారి చూసింది గోదావరి అవతల, ఆదిలాబాద్ జిల్లాలోని ఒక బొగ్గుబావుల ఊళ్లో. అక్కడే పుట్టి పెరిగాను. మా బాపు బావిలో దిగి బొగ్గు నింపేవాడు. కంపెనీ కట్టించిన వరస ఇళ్లలో మాది చివరిది. ఆరేసిన బట్టల మీద రోజూ సన్నటి నల్లపొడి పడేది. దాన్ని దులిపి దులిపి విసుగెత్తిన మా అవ్వ, అదే మా అమ్మ, చివరకు తెల్లచీర కట్టడమే మానేసింది. మా మిషన్ చర్చికి క్రిస్మస్ ముందు పై దేశం నుంచి ఒక పార్సిల్ వచ్చేది. ఒక ఏడు అందులో మైనపు వాసన వేసే ఈ రంగులు వచ్చాయి. ఒక్కోదానికి కాగితం చుట్టి, ఆ కాగితం మీద ఇంగ్లీషులో పేరు అచ్చు వేసి ఉంది. ఆదివారం బడి పంతులమ్మ లేత గులాబీ ముక్కను వెలుతురుకు పట్టి చదివి, "ఇది ఒంటి రంగు. మనుషులకు ఇదే వెయ్యాలి" అని తేల్చింది. మేమంతా మా చేతులు చూసుకున్నాం. పంతులమ్మ చేతిని కూడా చూశాం. సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన మా అక్క లేచి నిలబడి, "అమ్మగారూ, మరి మా బాపుకు ఏం రంగు వెయ్యాలె?" అని అడిగింది. పంతులమ్మ, "బాపును ఇడిచిపెట్టు, గొర్రెపిల్లను గియ్యి" అంది. అక్క ఆ పూటంతా గొర్రెపిల్లలనే గీసింది. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. మాకు బాధేం కాలేదు. ఎక్కడివాళ్లో ఎవరికోసమో పెట్టుకున్న పేరు, మనకేం అనుకున్నాం.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఒంటి నలుపు అచ్చంగా బాపుది. మా వాడలోనూ దాన్ని "కర్రెపిల్ల" అనేవాళ్లున్నారు, అబద్ధమెందుకు. పక్కింటి పెద్దమ్మ అయితే కనిపించినప్పుడల్లా శనగపిండి రుద్దమని మా అవ్వకు చెప్పేది. కానీ ఆ పెద్దమ్మే అక్క గొంతెత్తితే చేటలో బియ్యం అలాగే వదిలేసి వచ్చి మా గడపలో కూర్చునేది. ఆ గొంతు అలాంటిది. దాన్ని విని మిషన్ వాళ్లు అక్కను కరీంనగర్‌లో హాస్టల్లో పెట్టి చదివించారు. అక్కడి టీచరమ్మ ఒక పాట కట్టి, అక్కకు నేర్పి, పట్నం రేడియోలో వచ్చే పిల్లల కార్యక్రమంలో పాడించడానికి ఏర్పాటు చేసింది. ఆ కబురు మోసుకొచ్చింది మా పాస్టరు అయ్యగారు. దసరా సెలవులకు వచ్చిన అక్కను ఆ పాట ఒక్కసారి పాడమని బాపు ఎంత బతిమాలినా అది పాడలేదు. "రేడియోల ఇను బాపూ. ముందుగాల్నే ఇంటే ఇగ మజా ఏముంటది?" అనేది. బాపు అలిగినట్టు మొహం పెట్టేవాడు కానీ, ఆ ఊరించడం ఆయనకూ నచ్చింది. బావిలో ఆయన జతగాళ్లందరికీ ఆ పాట ఏ రోజు వస్తుందో, ఏ వేళకు వస్తుందో కంఠతా వచ్చేసింది.

మా ఊళ్లో అందరికీ కలిపి ఒకటే రేడియో. కంపెనీ హాల్లో బల్ల మీద, పూలు కుట్టిన గుడ్డ కప్పుకుని ఉండేది. హాజరు రాసే మున్షీగారు తప్ప దాన్ని ఇంకెవరూ ముట్టడానికి లేదు. ఇప్పటి వాటిలా మీట నొక్కగానే పలికే రకం కాదు అది. లోపలి గాజుబుడ్లు వేడెక్కాలి, ముందువైపు పచ్చదీపం మెల్లగా విచ్చుకోవాలి, ఆ తర్వాత గానీ గొంతు రాదు. ఆ సాయంత్రం మున్షీగారు ముందే వచ్చి దాన్ని వేడి చేసి ఉంచారు. హాలు నిండి, వరండా నిండి, కిటికీలకు కూడా జనం వేలాడారు. బాపు పెందలాడే స్నానం చేసి, ఉన్న ఒక్క తెల్లచొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. అవ్వా నేనూ ఆయన వెనక.

పిల్లలంతా మామయ్య అని పిలిచే ఒకాయన ఆ కార్యక్రమం నడిపేవాడు. పాలమీగడ లాంటి గొంతు. ఎవరో పిల్లాడు పద్యం చదివాక ఆయన మా అక్క పేరు చెప్పి, "ఎక్కడినుంచి వచ్చావమ్మా?" అన్నాడు. "బొగ్గుబావుల ఊరి నుంచండీ" అంది అక్క. హాలంతా ఒక్కసారి కదిలింది. బాపు వెనక్కి తిరిగి అవ్వను చూశాడు. అప్పుడు ఆ మామయ్య కిలకిలా నవ్వి, "అదీ సంగతి! అందుకే నిన్ను బొగ్గులోంచి తవ్వి తీసుకొచ్చినట్టున్నారు. వినేవాళ్లు అదృష్టవంతులు, పాట ఒక్కటే వినిపిస్తుంది. ఇక్కడ మాకేమో దీపం వేస్తే గానీ అమ్మాయి కనబడటం లేదు" అన్నాడు. ఆయన పక్కన ఉన్న పిల్లలు గొల్లుమన్నారు. మా హాల్లోనూ వెనక వరసలో కొందరు, రేడియోలో నవ్వుతున్నారు కదా అని, ఏమన్నాడో అర్థం కాకముందే నవ్వేశారు. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయారు. అవ్వ కొంగు మొహం మీదికి లాక్కుంది.

వాడలో అన్నవాళ్లకు మేం జవాబు చెప్పగలం. పెద్దమ్మను అవ్వ ఎన్నిసార్లో కడిగేసింది. ఈ పెట్టెకు ఏం చెప్పాలి? అది అంటుందే గానీ వినదు. బాపు లేచాడు. ఎన్నడూ ఆ బల్ల దరిదాపులకు పోని మనిషి, నేరుగా పోయి మీట తిప్పి రేడియో కట్టేశాడు. పచ్చదీపం ఆరిపోయింది. ఆ పెట్టెకు వీపు పెట్టి బాపు ఎంతసేపు నిలబడ్డాడో. మొదట తేరుకున్నది పక్కింటి పెద్దమ్మే. "ఓ తమ్మీ, ఎంత పని చేస్తివి! పిల్ల పాట పోతాంది గద, పెట్టు, జల్ది పెట్టు!" అని అరిచింది. బాపు కంగారులో ఇంకో మీట తిప్పాడు. మున్షీగారు ఉరికొచ్చి సరైనది తిప్పారు. తిప్పితే ఏమవుతుంది? గాజుబుడ్లు వేడెక్కాలి కదా. అంతమందిమి ఆ చీకటి గాజు వంక చూస్తూ నిలబడ్డాం. మా అవ్వ ప్రార్థన చెయ్యడం నాకు వినబడింది. పచ్చదీపం ఎప్పటిలాగే తీరిగ్గా విచ్చుకుంది. గొంతు వచ్చింది. ఎవరో పిల్లాడు పొడుపుకథ వేస్తున్నాడు, ఆ మామయ్య నవ్వుతున్నాడు. పాట అయిపోయింది.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్లిపోయారు. పాస్టరు అయ్యగారు బాపు భుజం మీద చెయ్యి వేసి, రేడియో వాళ్లకు ఒక ఉత్తరం రాద్దామన్నారు. "ఏమని రాస్తరు అయ్యగారూ? మేం నల్లగ లేమని రాస్తరా?" అన్నాడు బాపు. అయ్యగారు మంచి మనిషి, మరునాడు కూడా వచ్చి మా ఇంట్లో ఊరికే కూర్చుని వెళ్లారు.

క్రిస్మస్ సెలవులకు అక్క కరీంనగర్ నుంచి బస్సులో పెద్దపల్లి వచ్చి, అక్కడ రైలెక్కి వచ్చింది. స్టేషన్‌కు బాపూ నేనూ పోయాం. రైలు దిగి, పెట్టె కింద పెట్టకుండానే, "బాపూ, ఇనవడ్డదా?" అని అడిగింది. నేను బాపు చొక్కా పట్టుకున్నాను. "ఇనవడ్డది బిడ్డా" అన్నాడు. "మొత్తమా? మొదటిసందేనా?" అంది అక్క, మొదటి నుంచీ విన్నామో లేదో ఆయన కళ్లలో వెతుకుతూ. బాపు ఆ ప్రశ్న కోసమే తయారై ఉన్నాడని నాకు అప్పుడు తెలిసింది. "మొదట్ల అంత గరగర అన్నది. ఎవలేం మాట్లాడిన్రో ఒక్క ముక్క సమజ్ కాలే. నీ పాట కాడికి వచ్చేసరికి సాఫ్ అయింది" అన్నాడు. అక్క మొహంలో ఏదో బిగుతు సడలిపోయింది. నవ్వింది. "రెండో చరణం కాడ గొంతు జర వణికింది, తెలిసిందా?" అంది. "యాడ వణికింది? ఏం వణకలే" అన్నాడు బాపు. ఆ అబద్ధం మా వాడంతా కాపాడింది. బాపు ఏమన్నాడో చెవిన పడగానే, ఎవరూ బతిమాలకుండానే, అక్క ఎవరిని అడిగినా గరగర సంగతే చెప్పారు. నోటికి తాళం లేని పెద్దమ్మ కూడా అదే చెప్పింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర బాపు, చూపు కంచంలోనే పెట్టుకుని, "బిడ్డా, గా పాట ఒక్కపారి పాడరాదు" అన్నాడు. అక్క చెయ్యి కడుక్కుంటూ, "ఇన్నరు గద బాపూ, మల్లెందుకు?" అంది. మేం ముగ్గురం కంచాల వంక చూసుకున్నాం. విన్నామని చెప్పినవాళ్లం, వినలేదని ఎలా చెప్తాం? ఆ తర్వాత చర్చిలో కూడా అక్క వెనక వరసలో, అందరి గొంతులో గొంతు కలిపి పాడిందే తప్ప ఒంటరిగా ఎప్పుడూ పాడలేదు. ఎందుకని మేం అడగలేదు. అడిగితే ఏం చెప్తుందో అని భయం. బాపు పోయాడు, అవ్వ పోయింది. పోయినేడు సుల్తానాబాద్‌లో వాళ్ల ఇంట్లో అక్క కూడా పోయింది, మేం ఆ పాట విన్నామనే అనుకుని పోయిందో, వినలేదని తెలిసీ మా కోసం ఊరుకుందో నాకు ఎన్నటికీ తెలియదు. ఇన్నేళ్లలో కాలం నాచేత ఎన్నో మరిపించింది, కానీ ఆ మామయ్య అన్న మాట అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంచింది, వినని పాటను మాత్రం ఎక్కడినుంచి తెచ్చి ఇస్తుంది?