ఎర్ర తీగ ముడి

"తడి గోనెలు కప్పమని ఎవడు చెప్పినాడయ్యా నీకు? అదేమన్నా మల్లెపూల బుట్టా?"

"ఎండ సార్. మొగిలి ఘాటు దిగినాక నిప్పులే గదా. కొయ్య పగిలిపోతాదని కప్పినా."

"కొయ్య బాగానే ఉండాది, తీగలే తెగినాయి!"

తిరుపతిలో కచేరీ హాలు వెనక టెంపోలో కూర్చున్న విజయ్ కుమార్‌కు అంతా వినిపిస్తోంది. అరుస్తున్నది హాలు మేనేజరు దయానంద్. జవాబు చెబుతున్నది రాజారత్నం, పలమనేరు మార్కెట్లో ముప్పై ఏళ్లుగా లోడు కట్టే మనిషి. టమాటా పెట్టెలు, వినాయకుడి విగ్రహాలు, చర్చి పియానో, ఏదైనా సరే ఆయన బిగించిన తాడు దారిలో వదులైంది లేదు. ఇంజనీరింగు మధ్యలో వదిలేసి స్టీరింగు పట్టిన విజయ్‌కు, కాలేజీ లెక్చరర్లందరికన్నా ఈయనకే పని బాగా తెలుసనిపించేది. అందుకే ఒళ్లు మండింది. దిగి లోపలికి వెళ్లాడు.

"నీళ్లు మోసింది నేను. నన్ను తిట్టు సార్."

"నువ్వు గమ్మునుండబ్బా," అన్నాడు రాజారత్నం.

వాళ్లు బెంగళూరు నుంచి తెచ్చింది హార్ప్ అనే తీగల వాద్యం. మనిషంత ఎత్తు, నలభై ఏడు తీగలు. సాయంత్రం ఆరింటికి ఆర్కెస్ట్రా కచేరీ. ముందు ఫ్రెంచి సంగీతం, తర్వాత రష్యాది. రెండింట్లోనూ హార్ప్ ఒంటరిగా పలకాలి. వాయించే కృపామణి మాత్రం కోప్పడలేదు.

"గొర్రె పేగుతో చేసిన తీగలన్నా ఇవి. తడి తగిలితే ఉబ్బి తెగిపోతాయి."

మూడు తెగాయి. కొత్తవి ఉన్నాయి గానీ, కట్టాక ఆరింటిదాకా సాగుతూనే ఉంటాయి, బిగిస్తూనే ఉండాలి. రెండు కట్టింది. మూడోదానికి, గుర్తుకోసం ఎర్ర రంగు వేసినదానికి, హడావిడిలో ఆమె వేసిన ముడి రెండుసార్లు జారింది. గంట మూడు దాటింది.

"ఒకతూరి సూపించమ్మా," అన్నాడు రాజారత్నం. చూశాడు. తీగను వేళ్ల మధ్య తిప్పి, మెలేసి, లాగాడు. "టార్పాలిన్‌కు మేము ఏసేదీ ఇట్లాంటిదే."

ముడి నిలిచింది.

కచేరీ అంతా ఇద్దరూ పక్క తెర చాటున నిలబడ్డారు. ఫ్రెంచి సంగీతం విజయ్‌కు ముక్క అర్థం కాలేదు గానీ, ఘాటు రోడ్డులో గేరు తీసేసి దిగుతున్నంత హాయిగా ఉంది. రష్యా సంగీతంలో డోళ్లు, బాకాలు హోరెత్తి ఒక్కసారిగా ఆగిపోయాయి. హార్ప్ ఒక్కటే మిగిలింది. రాజారత్నం తెర అంచు పట్టుకుని ఎర్ర తీగనే చూస్తున్నాడు. కృపామణి దాన్ని మీటింది. ఖంగుమంది, నిలిచింది. అప్పుడు వదిలాడు ఊపిరి.

చప్పట్లు ఆగకముందే దయానంద్ కాఫీ గ్లాసుతో వచ్చాడు. "తాగు రత్నం. మధ్యాహ్నం అరిచినాను, ఏమనుకోవద్దు."

"అరిచేది అరిచినావు, చక్కెరన్నా ఇంకొంచెం ఎయ్యకూడదా సార్?"

రాజారత్నం హార్ప్‌ను ఈసారి పొడి దుప్పట్లలో చుట్టి, నిలబెట్టి, నాలుగు వైపులా తాళ్లు బిగించాడు. తాళ్లన్నీ మళ్లీ ఒకసారి లాగి చూసి, క్యాబిన్‌లోకి ఎక్కి విజయ్ పక్కన కూర్చున్నాడు.

"నేను పలమనేరులో దిగిపోతానబ్బా. ఆడినుంచి బెంగళూరుదాకా గుంతలు సూసి తోలు. దాంట్లో నా ముడి ఒగటి ఉండాది."