కాటా దగ్గర ఆమె గొంతు

చిలకలూరిపేట హైవే పక్కన పత్తి మిల్లు. అక్కడి కంప్యూటర్లు చూసేది నేను, లారీలు తూచే కాటా దగ్గర కూర్చునేది మా ఆవిడ. లారీ కాటా ఎక్కితే డ్రైవరు దిగాలి. ఒక్కడూ దిగడు. రోజంతా కిటికీలోంచి అరిచి అరిచి ఆమె గొంతు పోయేది. ఇలా కాదని ఒకరోజు ఆ అరుపునే రికార్డు చేసి, లారీ ఎక్కగానే మైకులో వినిపించేలా చిన్న ప్రోగ్రాం రాసిపెట్టాను.

"ఏమయ్యోయ్, దిగు కిందికి! నీ బరువు కూడా పత్తిలో కలిపేద్దామనా?"

ఆమె పోయి రెండేళ్లు దాటింది. ఇప్పుడు కాటా గదిలోనూ నేనే. పొద్దున్నే అక్కడి కంప్యూటర్ ఆన్ చేస్తే ఆ ప్రోగ్రాం దానంతటదే లేచేది. తొలి లారీ కోసం ఎదురుచూసేవాణ్ణి. రికార్డింగు నా ఫోన్లోనూ ఉంది. ఇంట్లో ఒక్కణ్ణే వింటే అది ఆమెలా ఉండదు. ఆమె మాట్లాడాలంటే ఎదురుగా తిట్లు తినే మనిషి ఒకడుండాలి. నేనుండగా ఆ లోటు ఎప్పుడూ రాలేదనుకోండి.

ఈ సీజనుకి కాటాకి కొత్త సాఫ్ట్‌వేరు వచ్చింది. దానికో మర్యాద గొంతు. రెండూ ఒకేసారి మాట్లాడితే ఒక్క ముక్కా అర్థం కావడం లేదు.

"పాతది ఆపేయాలండి. వేరేవాళ్ల చేత చేయిద్దామా?" అన్నారు ఓనరు గారు, నా ముఖం చూడకుండా.

"వద్దండి, నేనే చేస్తా" అన్నాను. ఆమె నోరు ఇంకొకడు మూయించడమా!

కమాండ్లు రాసే నల్ల తెర తెరిచాను. డిలీట్ అంటే రిజిస్ట్రీలోంచి, అంటే కంప్యూటర్ రాసుకునే పట్టీలోంచి, ఆ ప్రోగ్రాం పేరే పోతుంది. కాన్ఫిగ్ అని రాసి, స్టార్ట్ దగ్గర ఆటో బదులు డిమాండ్ అని పెడితే పేరు ఉంటుంది, పిలిస్తేనే లేస్తుంది. రెండోదే రాశాను. సమానం గుర్తు తర్వాత ఖాళీ వదలాలి, వదల్లేదు. తప్పని చూపించింది. ఇంకో నిమిషం ఉంటుందిలే అని ఎంత సంతోషపడ్డానో! మళ్లీ సరిగ్గా రాస్తే సక్సెస్ అంది. ఆ మాట చూసి ఒళ్లు మండింది. నడుస్తున్నదాన్ని కూడా స్టాప్ అని రాసి ఆపేశాను.

కాసేపటికి అద్దంకి నుంచి తరచూ వచ్చే లారీ కాటా ఎక్కింది. "దయచేసి వాహనం దిగండి" అంది కొత్త గొంతు. డ్రైవరు మైకు వంక చూస్తూ అలాగే కూర్చున్నాడు. బయటికెళ్లి దిగమన్నాను.

"అక్క ఇంకా తిట్టలేదు కదండీ" అన్నాడు నవ్వుతూ. ఆమె లోపలే ఉందనుకుంటున్నాడు.

"అక్క లేదయ్యా" అన్నాను. ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి.