తీసేయడానికి పెట్టిన మనిషి

మా పిన్ని పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. వచ్చినవాళ్ళకి టోకెన్లు ఇవ్వడం, లోపలి గదిలోంచి కేక వినిపిస్తే ఏమీ విననట్టు మొహం పెట్టడం ఆవిడ పని. రెండోది ఆవిడకి బాగా వచ్చు.

ఎవరో పేషెంటు అక్కడి కుర్చీలో ఒక పుస్తకం మరిచిపోయి వెళ్ళాడు. జీవితమంతా సినిమాలకి కథలు రాసిన ఒక పెద్దాయన ఆత్మకథ. దానికోసం ఎవరూ తిరిగి రాలేదు. పిన్ని ఇంట్లో "పెద్దాయన ఏమన్నాడంటే" అని మొదలుపెట్టగానే బాబాయి రేడియో తీసి చెవి దగ్గర పెట్టుకునేవాడు. నిర్మాతకి కథ కాగితం మీద ఇవ్వకూడదట, నోటితోనే చెప్పాలట. అదీ వినేవాడు లేచిపోలేని చోట చెప్పాలట. అన్నిటికన్నా ముఖ్యం, కథలో పనికిరాని పాత్ర ఒకటి కావాలనే పెట్టాలట. నిర్మాతకి ఏదో ఒకటి తీసేయిస్తే గానీ తిండి సహించదు. ఆ పాత్రని తీయించి తృప్తిపడి, మిగతా కథ జోలికి రాడు.

పిన్ని దగ్గర ఉన్న కథ ఒక్కటే, అది మా అమ్మది. అమ్మ స్కూలు బస్సు నడిపేది. ఒకరోజు పల్లంగా ఉన్న రోడ్డులో బ్రేకులు పడలేదు. ఎవరో కడుతున్న ఇంటి ముందు ఇసక గుట్ట కనిపిస్తే బస్సుని అందులోకి ఎక్కించేసింది. పిల్లలందరూ క్షేమంగా దిగారు. బస్సు ముందుభాగం పాడైందని అమ్మని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ తర్వాత ఎంతోకాలం బతకలేదు. అక్క చేసిన పని నలుగురూ చూడాలని పిన్ని పట్టుదల. నా కోరికా అదే, పైకి ఎప్పుడూ అనలేదు గానీ.

తీసేయడానికి ఒక మనిషి కావాలి కదా, పిన్ని అట్టే దూరం వెతకలేదు. బాబాయి వాచీలు బాగుచేస్తాడు. కంటికి పెట్టుకున్న భూతద్దం తీయడం మరిచిపోయి, అలాగే ఇంటికొచ్చి భోజనానికి కూర్చుంటాడు. కథలో బస్సు డ్రైవరుకి సరిగ్గా అలాంటి మరిదిని పెట్టింది.

ఒకరోజు ఒక నిర్మాత దవడ పన్ను పీకించుకోడానికి వచ్చాడు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, మూతి మొద్దుబారేదాకా బయట కూర్చోమన్నారు. నోరు మెదపలేడు, లేచి పోలేడు. పిన్ని కథంతా చెప్పింది. ఇసక గుట్ట దగ్గర తనే ఏడ్చింది. నిర్మాతకీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కథ వల్లో, పన్ను వల్లో తేలలేదు.

పన్ను పోయాక, నోట్లో దూది పెట్టుకుని ఆయన ఒకటే అడిగాడు. "ఆ భూతద్దం మనిషెవరమ్మా?"

"ఆయన్ని తీసేద్దామండీ, కథకి అడ్డం," అంది పిన్ని ఆశగా.

"ఆయన్ని ఉంచుదాం. బస్సు తీసేద్దాం."

సినిమా వచ్చింది. ముగ్గురం వెళ్ళాం. భూతద్దం పెట్టుకున్న వాచీల మనిషి దొంగల్ని పట్టుకుంటూ ఉంటాడు, జనం పడీ పడీ నవ్వుతూ ఉన్నారు. ఒకచోట వెనకాల బస్సు వెళ్ళింది, అది స్కూలు బస్సు కూడా కాదు. 'కథ' అన్నచోట నిర్మాత పేరుంది. పిన్ని పేరు చివర్లో కృతజ్ఞతల దగ్గర, పళ్ళ ఆస్పత్రి పేరు కింద వేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బయటికొచ్చాక పిన్ని హాలు మెట్ల మీద కూలబడింది.

"పెద్దాయన చెప్పిన ఆ పనికిరాని పాత్ర నేనేనా?" అడిగాడు బాబాయి.

పిన్ని తలూపింది.

"అంటే నన్ను కూరలో కరివేపాకు చేశావు."

"మీరు రేడియో వింటున్నారనుకున్నాను."

"అది పాడై చాలా కాలమైంది."

బాబాయి ఆవిడ పక్కన కూర్చున్నాడు. "పోనీలే. వాళ్ళు పట్టుకుపోయింది నన్నే కదా. మీ అక్కయ్యని ముట్టుకోలేదు. ఇంటికెళ్ళి మళ్ళీ మొదటినుంచి చెప్పు. ఈసారి నన్ను తీసేసి చెప్పు."

ఆవిడ ఇంటిదాకా ఆగలేదు. అక్కడే మెట్ల మీద మొదలుపెట్టింది. బ్రేకులు పడని చోటుకి వచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు. బస్సు ఇసకలో కూరుకుపోయి ఆగింది. డ్రైవరు పిల్లలందర్నీ దింపి, ఆఖర్న తను దిగబోయింది. అప్పుడు భూతద్దం పెట్టుకున్న మరిది వచ్చి, చెయ్యి అందించి ఆమెని కిందికి దింపాడు.

"నన్ను తీసేయమన్నానుగా," అన్నాడు బాబాయి.

"మీరు ఊరుకోండి," అంది పిన్ని.