అమావాస్య నాడు చూసిన బడి

"బడి కాదది, ఒట్టి అరుగు. ఒక్క పోరడు లేడు. పంతులు ఒక్కడే కూసోని చింతపండుల గింజలు తీస్తుండు," అన్నాడు నాయిన.

"అమాస నాడు పోతె పోరగాండ్లు ఉంటరా, పిశాచాలుంటయా?" అన్నది అమ్మ. "నీ మగ్గానికేమో అమాసకు సెలవు గావాలె. పంతులుకు వద్దా?"

"మౌల్సాబుకు అమాస లేదు. పోయిన, చూసిన. ఇల్లు నిండ పిల్లలే. గది బడంటె."

"ఆయనకు అమాస ఎందుకుంటది? ఆయనకు జుమ్మా ఉంటది. గదైన తెలుసునా నీకు?"

"నాకు తెల్వందేముంది!"

"అవు, అన్నీ తెలుసు. బడి మూసిన నాడు పోయి బడి బాగలేదని చెప్పెతందుకు తెలుసు."

మా అవ్వ, అంటే నాయినను కన్నతల్లి, రాట్నం తిప్పడం ఆపలేదు. ఆమె కొట్లాటలో తలదూర్చాలంటే ముందు చేతిలోని నూలు కండె నిండాలి. సగం కండె మీద మాట్లాడితే పోగు తెగుతుంది.

గద్వాలలో మాది మగ్గం ఇల్లు. అప్పుడు సంస్థానం రోజులు. నెలకొక్క అమావాస్య నాడే మగ్గానికి విడుపు, నాయిన తాను కూర్చుని నేసే గుంటలోంచి పైకి వచ్చి నలుగురిలో తిరిగేది ఆ రోజే. తమ్ముడిని ఏ బడిలో వేయాలో చూసి రావడానికి కూడా ఆయనకు ఆ రోజే దొరికింది. పంతులు బడికీ అమావాస్య సెలవే అని ఆయనకు తోచలేదు. తోచినా ఒప్పుకునే మనిషి కాదు.

ఇప్పుడు మా మనవడు తన ఇద్దరు పిల్లలను ఏ ప్రైవేటు బడిలో వేయాలా అని ఊళ్లన్నీ తిరుగుతున్నాడు. ఒక బడిలో ఈత కొట్టే కొలను ఉందట, ఇంకో బడిలో గుర్రం ఉందట. "నీ కాలంల ఈ పరేషాన్ లేకుండె గద అవ్వా," అంటాడు. ఎందుకు లేదు? మా కాలంలోనూ ఉంది. గుర్రానికి బదులు మేక ఉండేది, అంతే.

సర్కారు బడి ఒకటి ఉండేది కానీ అది పొద్దంతా నడిచేది. మగ్గం ఉన్న ఇంట్లో పిల్లలు పొద్దంతా పోతే కుదరదు. మా చీర నడుమ నూలు, అంచు పట్టు. నేసే ప్రతి వరుసలోనూ ఆ నూలు పోగునూ ఈ పట్టు పోగునూ ఒకదానికొకటి మెలిపెట్టాలి. లేకపోతే చీర ఒకవైపు, అంచు ఒకవైపు ఊడివస్తాయి. నేసేవాడి చేయి అవతలి అంచు దాకా అందదు. అందుకని అటుపక్క చిన్న పీట వేసుకుని ఒక పిల్ల కూర్చోవాలి, అంచు పోగు చుట్టిన నాడెను అందుకుని తిరిగి పంపాలి. మా ఇంట్లో ఆ పిల్లను నేను. నాకు చేతులు కుదిరిన నాటి నుంచీ పక్కపీట నాదే. నాకంటే చిన్నవాడు తమ్ముడు. వాడికి ఏ పీటా లేదు. వీధి మొత్తం వాడిదే.

సర్కారుది కాకుండా ఎవరింట్లో వాళ్లు నడుపుకునే బడిని అప్పుడు ఖాన్గీ బడి అనేవారు. మాకు దగ్గరలో అలాంటివి రెండు. ఒకటి పంతులు అరుగు మీద, తెలుగు. రెండోది మౌల్వీ సాహెబు, మా నోట్లో మౌల్సాబు, ఆయన ఇంటి వాకిట్లో, ఉర్దూ. ఉర్దూ వస్తే సర్కారు కచేరీలో నౌకరీ అని నాయిన. పంతులు దగ్గర చదివితే మాపటిపూట ఇంట్లో పురాణం చదివి వినిపిస్తాడని అమ్మ. అమ్మది వనపర్తి. వాళ్ల నాయిన వీధి మొత్తానికి పురాణం చదివేవాడట. ఆ సంగతి మా ఇంట్లో ఉప్పు కంటే ఎక్కువ వాడకంలో ఉండేది.

కొట్లాట అంతా తమ్ముడి గురించే. నా మాట ఎవరూ ఎత్తలేదు. అయితే నాకు ఒక ఆశ ఉండేది. పక్కింటి కంసాలి వాళ్ల పిల్ల పంతులు బడికి పోయేది. ఆ బడిలో పొద్దున అందరికంటే ముందు వచ్చినవాళ్ల అరచేతిలో పంతులు సిరాతో శ్రీ అని రాసేవాడు. రెండో వాళ్లకు ఒక చుక్క. మూడో వాళ్ల నుంచి బెత్తం, వచ్చిన వరుసను బట్టి ఒకటి, రెండు, మూడు. ఆ పిల్ల అరచేయి ముడుచుకుని వచ్చి, మా వాకిట్లో నిలబడి, మెల్లగా విప్పి చూపేది. నేను ముట్టుకుందామంటే మళ్లీ ముడిచేది. అట్లా ఒక్కరోజైనా నా చేతిలో ఉండాలని నాకు ఎంతో ఉండేది, అమ్మతో చెప్పుకునే ధైర్యం మాత్రం లేకుండేది.

అమావాస్య నాడు బడులు చూడడానికి నాయిన మమ్మల్ని ఇద్దరినీ తీసుకుపోయాడు. తమ్ముడిని చదువుకు, నన్ను తమ్ముడు నడవనంటే ఎత్తుకోవడానికి. పంతులు అరుగు సంగతి మీరు విన్నారు. ఆయన చింతపండు పక్కకు జరిపి ఏదో చెప్పబోయేలోపే నాయిన దండం పెట్టి వెనక్కి తిరిగాడు.

మౌల్సాబు వాకిట్లో మాత్రం పిల్లలు బారులు కట్టి కూర్చుని ఊగుతూ చదువుతున్నారు. ఒక మూలన మేక. మౌల్సాబు తెల్లగడ్డం పెద్దమనిషి, నవ్వుముఖం. "ఆయియే భాయ్, కూసో. మా పిల్లల సబక్ విను జర," అని ముందు వరుసలో పిల్లవాడిని లేపాడు. వాడు ఊపిరి తీసుకోకుండా ఏదో గడగడా చదివాడు.

నాయిన వాడి వైపు చూడనే లేదు. ఆయనకు ఒక అలవాటు. ఎవరు నేసిన చీరైనా సరే, మొదట తిరగేసి వెనకవైపు చూస్తాడు. ముందువైపు అందరూ బాగానే నేస్తారు, పనితనం వెనక తెలుస్తుందనేవాడు. అందుకే లేచి నేరుగా చివరి వరుసకు పోయాడు. అక్కడ గోడకు ఆనుకుని ఒక చిన్నవాడు కూర్చుని ఉన్నాడు.

"ఇయ్యాల ఏం సదివినవ్ బిడ్డా?"

వాడు చాలాసేపు ఆలోచించాడు. "మేకకు గడ్డేసిన," అన్నాడు.

ఏ తండ్రైనా అక్కడి నుంచే ఇంటిదారి పట్టేవాడు. నాయిన మాత్రం మురిసిపోయాడు. దారి పొడుగునా అదే మాట. "సూసినవా, పోరడు అబద్ధమాడలే. చివరి పోరడు గంత సాఫుగ ఉన్నడంటె బడి గట్టిది." తమ్ముడికి కూడా ఆ బడే నచ్చింది. వాడికి ఎందుకు నచ్చిందో మేకకు తెలుసు.

ఇంటికి వచ్చాక జరిగిన కొట్లాటే నేను మొదట చెప్పింది. అది ఆ రోజుతో తెగలేదు. అమ్మ అన్నం పెడుతూ ఒక మాట, నాయిన చేయి కడుక్కుంటూ ఒక మాట, అట్లా నడుస్తూనే ఉంది.

తర్వాత ఒక శుక్రవారం నాడు పాత పడుగు అయిపోయింది. కొత్త పడుగును మగ్గానికి పోగు పోగూ అతకాలి. ఆ రోజు పక్కపీటకు పని ఉండదు. అద్దకమాయన దగ్గర పట్టు తీసుకురావాలని అమ్మ నన్ను వెంట తీసుకుని బయలుదేరింది. అద్దకమాయన ఇల్లు ఒకవైపు, మేము నడిచింది ఇంకోవైపు. నేరుగా మౌల్సాబు వాకిటి ముందు ఆగాం. జుమ్మా కదా, వాకిలి ఊడ్చి చల్లగా ఉంది. ఒక్క పిల్లవాడు లేడు. అమ్మ తలుపు సందులోంచి చాలాసేపు తృప్తిగా చూసింది.

లోపలి నుంచి మౌల్సాబు ఇంటామె వచ్చి, "ఏమమ్మా, ఎవరి కోసం?" అంది.

"ఎవల కోసం లేదమ్మా. బడి యాళ అడిగిపోదామని."

"పగటి నమాజ్ అయినంక కూసుంటరు, మాపటి దాక. ఇయ్యాల జుమ్మా, చుట్టీ."

"అట్లనా? తెల్వకపాయె," అంది అమ్మ.

అక్కడి నుంచి పంతులు అరుగుకు పోయాం. అక్కడ పిల్లలు ఎక్కాలు అరుస్తున్నారు. రోడ్డు మీద కుక్కలు కూడా దూరం జరిగాయి. "పొద్దు పొడవంగ మొదలువెడ్త. పొద్దు నెత్తికెక్కకముందె వదుల్త," అన్నాడు పంతులు. "అటెన్క నాకు పెండ్లిండ్లు, తద్దినాలు ఉంటయి." నా వైపు చూసి, "ఈ పిల్లనా?" అని అడిగాడు. అమ్మ కాదనలేదు, అవుననలేదు. నేను అరచేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

దీపాల వేళకు ముందు నాయిన పడుగు అతకడం ముగించి నడుము చాపాడు. అమ్మ అప్పటిదాకా మాట ఆపుకుంది పాపం.

"నీ మౌల్సాబు బడి చూసొచ్చిన. మేక ఒక్కటే ఉన్నది. ఎంత దాక సదివిందో అడగలే."

నాయిన లేచి కూర్చున్నాడు. "జుమ్మా నాడు పోతివా! కావాల్నని పోతివి!"

"అయ్యో, నాకేం తెల్సు. నువ్వు అమాస నాడు పోయినట్లె నేను పోయిన."

"పిల్లగాడు మౌల్సాబు తానకే పోతడు."

"పంతులు తానకే పోతడు. మా నాయిన..."

"మీ నాయిన పురాణం వనపర్తిలనే ఉండనియ్యి!"

అప్పుడు అవ్వ కండె నిండింది. తీసి గంపలో వేసి, "కొట్లాడుండ్రి, మంచిగ కొట్లాడుండ్రి," అంది. "రేపు పొద్దుగాల మగ్గం నడవాలె. పడుగు సాపి పెట్టినం. ఎవల్ని ఎటన్న పంపుండ్రి. నా పీట మాత్రం ఖాళీ ఉండొద్దు."

పీట నాది. ఆ మాట విన్నాకే నాకు నోరు వచ్చింది.

"పంతులు బడి పొద్దుగాల," అన్నాను. "మౌల్సాబు బడి పగటాల నమాజు అయినంక. తమ్ముడు మౌల్సాబు తానకు పోతె నేను పంతులు తానకు పోత. నేను పోయినప్పుడు వాడు కూసుంటడు. వాడు పోయినప్పుడు నేను కూసుంట. పీట ఖాళీ ఉండదవ్వా."

మొదట నాయినకే తెలివి వచ్చింది. "ఆడపిల్లకు సదువేంది? కచేరిల కూసుంటదా?"

"కచేరిల ఎందుకు కూసుంటది? నాకు పురాణం సదువుతది," అంది అమ్మ. అంతకు ముందు అమ్మకు ఆ ఆలోచన వచ్చిందని నేను అనుకోను. కానీ పంతులు బడి ఓడిపోకుండా ఉండే దారి కనబడింది. "నీ మౌల్సాబుకు ఒకలు, మా పంతులుకు ఒకలు. ఇంకేంది నీకు?"

"అది లేకపోతె అంచు ఎవలు పట్టాలె? వీనికి నాడె పట్టుడు వస్తదా?"

"రాకపోతె నేర్పు," అంది అవ్వ. ఆమె తమ్ముడి వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. వాడు ఆ చూపుకు గోడ దాకా జరిగాడు. "ఇంట్ల ఇద్దరికీ తిండి పెడుతున్నం. ఒకతి పని చేస్తది, ఇంకోడు బజార్ల దుమ్ము లేపుతడు. పొద్దుగాల వీడు పీట మీద కూసోని నేర్చుకుంటె మనకే లాభం. పిల్ల యాడికి పోతె నాకేంది? పోనియ్యి."

"నాకు పీట వద్దు," అన్నాడు తమ్ముడు.

"నిన్నెవలు అడిగిర్రు?" అని ముగ్గురూ ఒక్కసారే అన్నారు. వాళ్లు ముగ్గురూ ఒక్క మాట మీద ఉండడం నేను అదే మొదటిసారి చూశాను.

నాయిన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. మౌల్సాబు బడి దక్కింది కనుక గట్టిగా కాదనలేకపోయాడు. చివరకు నా వైపు వేలు చూపి, "బడి నుంచొచ్చి అంచు ఒక్క వరుస తప్పితివా, నీ బడి గాడికి బంద్," అన్నాడు. నేను తల ఊపాను. అవ్వ ఇంకొక షరతు పెట్టింది.

"పలక ఒకటే కొంట. ఇద్దరికి ఒకటి."

"ఒకటెట్ల సరిపోతదత్తా?" అంది అమ్మ. "దీనిది తెలుగు, వానిది ఉర్దూ."

"పలకకు భాష తెలుస్తదా? ఇది ఇటుదిక్కు నుంచి రాస్తది, వాడు అటుదిక్కు నుంచి రాస్తడు. రాసుకోని తుడుసుకుంటరు."

నా చదువు ఎక్కువ నాళ్లు సాగలేదు. గుణింతాలు దాటి, కూడికలు వస్తున్న చోట ఆగింది. అమ్మకు పురాణం మాత్రం చదివి వినిపించాను, పెండ్లయ్యాక, పుట్టింటికి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం. ఆ పద్యాలకు అర్థం ఆమె చెప్పేది. అంతకంటే పెద్ద సంగతేమీ లేదు.

ఆ కొట్లాట రాత్రి తెల్లవారితే శనివారం, బీచుపల్లి అంజన్న వారం. మంచిరోజని అమ్మ నన్ను కోడి కూయకముందే లేపింది. అవ్వ రాత్రే తెప్పించిన కొత్త పలకకు పసుపు బొట్టు పెట్టి, పగలగొడితే వీపు పగులుతుందని దీవించి ఇచ్చింది. నేను పోయేసరికి పంతులు ఇంటి తలుపు ఇంకా తీయలేదు. అరుగు మీద కూర్చున్నాను. ఆయన నోట్లో వేపపుల్లతో బయటికి వచ్చి, నన్ను చూసి, "నిద్ర పోలేదా ఏందమ్మా?" అన్నాడు. లోపలికి పోయి సిరాబుడ్డి తెచ్చాడు. నా చేయి పట్టుకుని అరచేతిలో శ్రీ అని రాశాడు. కంసాలి వాళ్ల పిల్ల తర్వాత వచ్చింది. దానికి చుక్క.

బడి వదిలాక చేయి ముడుచుకుని ఇంటికి వచ్చాను. తమ్ముడు పీట మీద ఏడుపుముఖంతో ఉన్నాడు. వాడి ముందు అంచు కొంచెం వంకర పోయింది, నాయిన దాన్ని విప్పుతున్నాడు. నేను పోయి నాయిన ముందు అరచేయి విప్పాను. ఆయన పని ఆపి చూశాడు. చేయి అటు తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"మంచిగుంది," అన్నాడు. "కడుక్కో పో. పట్టుకు మరక అంటుతది."

కుండ దగ్గరికి పోయి కడుక్కున్నాను. సిరా కదా, బూడిద పెట్టి రుద్దాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి తమ్ముడు పీట దిగి నా పలక తీసుకున్నాడు. దాని మీద నా అ, ఆ ఉన్నాయి. వాడు ఉమ్మి వేసి మోచేత్తో తుడిచి, చంకలో పెట్టుకున్నాడు.

"సూసినవా, ఒకటే సరిపాయె," అంది అవ్వ అమ్మతో.

నేను పీట మీద కూర్చుని నాడె అందుకున్నాను.