మిరప గింజలు పడ్డ ఫోన్

ఆ రోజుల్లో చేతిలో ఫోన్ ఉందని ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు గానీ, ఫోన్ కింద నుంచి కీబోర్డు బయటికి జారిందంటే బస్సులో సగం మంది మెడలు సాచేవారు. ఆ మెడల మీది మోజుతోనే నేనొక మంచి ఫోన్‌ను పాడుచేసి, దాని మీదే చాడీ చెప్పాను. ఇన్నేళ్లు మింగిన మాట ఇప్పుడు కక్కేస్తున్నాను: ఆ ఫోన్‌లో ఏ లోపమూ లేదు. లోపమంతా నా చొక్కా జేబులో ఉంది.

అప్పుడు నేను ఒక విత్తనాల కంపెనీలో కొత్తగా చేరాను. జనగామ నుంచి మహబూబాబాద్, భూపాలపల్లి దాకా తిరగాలి. పని నేర్పింది ఘన్‌పూర్ అన్న (ఊరు స్టేషన్ ఘన్‌పూర్, అదే పేరైపోయింది). అరచేతిలో నాలుగు మిరప గింజలు వేస్తే రకం చెప్పేవాడు. అంతటి మనిషి ఆర్డరు కాగితాలు ఇవ్వడానికి రోజూ సాయంత్రం వరంగల్ ఆఫీసుకు బస్సెక్కేవాడు. ఇల్లు చేరేసరికి బిడ్డ నిద్రపోయేది, తండ్రిని చూసేది ఆదివారాలే. “నా బిడ్డ నన్ను ఐతారం సుట్టమనుకుంటాంది తమ్మీ” అని నవ్వేవాడు.

కంప్యూటర్ కోర్సు చేశానని ఆఫీసువాళ్లు ఆ ఫోన్ నాకిచ్చి, నెల వాడి రిపోర్టు రాయమన్నారు. బాగుంటే అందరికీ కొంటారు, ఆర్డర్లు ఎక్కడివక్కడే మెయిల్ చేయొచ్చు, సాయంత్రం వరంగల్ పోనక్కర్లేదు. అన్న నా భుజం పట్టుకుని “మంచిగ సూడు తమ్మీ” అన్నాడు.

ఎంత మంచిగా చూశానో! బొటనవేలితో తోస్తే టక్కున తెరుచుకునేది. మీటలు చిన్నచిన్న శనగబద్దల్లా వేలికి తగిలేవి. తరిగొప్పుల ఊరి మట్టిరోడ్డు మీద బస్సు ఎగిరెగిరి పడుతున్నా తప్పు లేకుండా ఆర్డరు కొట్టాను. మిట్టమధ్యాహ్నపు ఎండలోనూ అక్షరాలు కనిపించేవి. అంత బుద్ధిమంతురాలైన యంత్రాన్ని మళ్లీ చూడలేదు. (అవసరం లేకున్నా రోజుకు వందసార్లు తెరిచేవాణ్ని.)

మా పనిలో ఒక అలవాటుంది. పండు మిరపకాయ చీల్చి, పక్క ఊరి రైతుకు చూపించడానికి గింజలు చొక్కా జేబులో వేసుకుంటాం. రేగొండలో ఆ పని చేసి, ఫోన్ కూడా అదే జేబులో పడేశాను. భూపాలపల్లి బస్సెక్కి, జనం చూస్తున్నారు కదా అని తోస్తే టక్‌కు బదులు కర్రుమంది. కీబోర్డు సగంలో ఆగింది. బలంగా నెట్టాను, లోపలేదో విరిగింది. చెమట పట్టి, మిరపకాయ చీల్చిన ఆ చేత్తోనే కళ్లు తుడుచుకున్నాను. ఇక ధారాపాతం. పక్కనున్న అవ్వ నన్నూ ఫోన్‌నూ చూసి, “ఏంది బిడ్డా, ఎవలన్న సచ్చిపోయినట్టు ఫోనొచ్చిందా?” అంది.

చచ్చింది ఫోనేనని ఆమెకు చెప్పలేదు. ఆఫీసులోనూ చెప్పలేదు. కొత్త ఉద్యోగం పోతుందన్న భయంతో “దుమ్ముకు ఆగదు, పల్లెలకు పనికిరాదు” అని రాసిచ్చాను. కొనడం మానేశారు. అన్న ఆ ఫోన్ తీసుకుని, ఒకసారి తిప్పి చూసి, స్టోరులో అప్పజెప్పి, వరంగల్ బస్సెక్కాడు. ఇంకో రెండేళ్లు ఎక్కుతూనే ఉన్నాడు.

మొన్న ఆయన ఇంటికి వెళ్లి చెప్పేశాను. “అన్నా, గా ఫోన్ మంచిదే. నా జేబుల గింజలు వడి ఖరాబైంది.”

అన్న నవ్వాడు. “దులిపితే రెండు రాలినయ్ తీ. రేగొండ చేన్లయే.”

“మరి గప్పుడే ఎందుకు చెప్పలే?”

“నీ నౌకరి కొత్తదాయె. ఎప్పుడన్న నువ్వే చెప్తవని సూసిన.”

అప్పుడే ఆయన బిడ్డ చాయ్ తెచ్చింది. టీచరు ఉద్యోగం చేస్తోంది, నాన్నకంటే పొడుగు. నా చేయి అలవాటుగా జేబు తడుముకుంది. (ఇప్పుడు గింజలు చొక్కాలో, ఫోన్ ప్యాంటులో. బుద్ధి అంతవరకు వచ్చింది.) లేచి నిలబడ్డాను.

“బిడ్డా, రెండేండ్లు మీ బాపును సాయంత్రం ఇంటికి రాకుంట చేసింది నేనే. మాఫ్ చెయ్యి.”